అమెరికాలో తెలుగు బ్లాగు: కొన్ని పెడదారి సలహాలు

బ్లాగు పెట్టేవాళ్ళకి అందరూ చెప్పే సలహాలు నాలుగైదే. సొంత డొమైన్ కొనుక్కోండి. మంచి టూల్ ఎంచుకోండి. వారానికో టపా తప్పకుండా వెయ్యండి. ఎంతమంది చూశారో గమనించుకోండి. లంకె నలుగురికీ పంచండి. నేను చెప్పబోయేవి దాదాపు వీటన్నిటికీ ఎదురు. పెడదారి సలహాలు అంటే అననివ్వండి. అమెరికాలో కూచుని తెలుగులో రాసినవాళ్ళ రాతలు ఎన్నో కళ్ళముందే మాయమైపోయాయి, అవి పోయిన తీరు చూశాకే ఈ మాటలు చెబుతున్నాను. వీటన్నిటి వెనకా ఉన్నది ఒకటే: అసలు ప్రతి మీ ఇంట్లో ఉండాలి, బ్లాగులో ఉండేది దాని నకలు మాత్రమే.

మొదటి సలహా. ఉద్యోగంలో నేర్చిన విద్యని బ్లాగు దగ్గర వాడకండి.

ఇక్కడ బ్లాగు పెట్టే తెలుగువాళ్ళలో చాలామందిది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ప్లానో అయినా, ఫ్రీమాంట్ అయినా, ఎడిసన్ అయినా జరిగేది ఒకటే. శుక్రవారం రాత్రి బ్లాగు కట్టడానికి జెకిలా హ్యూగోనా అన్న మీమాంస. శనివారం గిట్‌హబ్‌లో రిపాజిటరీ, థీమ్ కోసం వేట. ఆదివారం పొద్దున డార్క్ మోడ్‌కి ఒక మీట, మధ్యాహ్నం తెలుగు ఫాంటు సరిగా పడకపోతే దానికో మరమ్మతు. సాయంత్రానికి 'నా బ్లాగుకి స్వాగతం' అని ఒక టపా. ఆ తరవాత రెండేళ్ళకి తెరిస్తే కొత్త వర్షన్‌తో పాత థీమ్ పడదు, మళ్ళీ ఒక వీకెండ్ దానికే పోతుంది. జెకిల్‌ని 2008లో టామ్ ప్రెస్టన్-వెర్నర్ లోకానికి పరిచయం చేసిన వ్యాసం పేరే 'బ్లాగింగ్ లైక్ ఎ హ్యాకర్'. అది మంచి పనిముట్టే, 2013లో వచ్చిన హ్యూగో కూడా మంచిదే. కానీ మీరు రాయాలనుకున్నది తెనాలిలో మీ అమ్మమ్మగారి పెరడు గురించి. ఆ పనికి ఇవేవీ అక్కర్లేదు.

ఇంత శ్రమ అటు ఎందుకు పోతుందో చెబుతాను. బిల్డ్ ఫెయిలైతే ఎర్ర గుర్తు వస్తుంది, సరిచేస్తే ఆకుపచ్చ అవుతుంది. అమ్మమ్మ గురించి రాసిన పేరా బాగా వచ్చిందో లేదో చెప్పే రంగు ఎక్కడా లేదు. పగలంతా ఆ ఆకుపచ్చకి అలవాటుపడ్డ మనసు రాత్రి కూడా దాన్నే వెతుక్కుంటుంది. అందుకని ఆ దారి మూసెయ్యండి. బ్లాగర్‌లోనో వర్డ్‌ప్రెస్ డాట్ కామ్‌లోనో ఉచితంగా ఒకటి తెరిచి, మొదట కనిపించిన థీమ్ పెట్టుకోండి. మార్చాల్సినవి రెండే: అక్షరం సైజు పెంచండి, లైన్ల మధ్య ఎడం పెంచండి. ఇంగ్లీషుకి సరిపోయే ఎడంలో మన వత్తులు కింది లైను గుడుల్లోకి దిగిపోతాయి. పెద్దవాళ్ళు ఫోన్‌లో చదివేటప్పుడు కళ్ళు నొప్పెట్టేది అందుకే.

విస్కాన్సిన్‌లోని మాడిసన్‌లో ఉంటూ రాసిన రచయిత్రి నిడదవోలు మాలతిగారిని చూడండి. 1937లో పుట్టి, 1973లో అమెరికా వచ్చారు. తెలుగు కథల ఇంగ్లీషు అనువాదాల కోసం 2001లో తూలిక అనే వెబ్‌సైటు పెట్టారు. తరవాత ఏడు పదుల వయసులో వర్డ్‌ప్రెస్ ఉచిత చిరునామాలోనే 'తెలుగు తూలిక' మొదలుపెట్టి, 'ఊసుపోక' వ్యాసాలూ కథలూ సాహిత్య పరిశీలనలూ రాస్తూ వచ్చారు. మన అమెరికా తెలుగు జాలంలో నికరంగా నిలబడ్డ పేజీల్లో అదొకటి. అక్కడ మనం గుర్తుపెట్టుకునేది మాటలనే, థీమ్‌ని కాదు.

వారానికో టపా అన్న నియమం కూడా పెట్టుకోకండి. నియమం ముందు పుట్టి రాత తరవాత పుడితే మూడో వారానికి ట్రాఫిక్ గురించో వాతావరణం గురించో రాయాల్సి వస్తుంది. పది రాతలు చేతిలోకి వచ్చేదాకా బ్లాగు తెరవనే వద్దు. పది రాయగలిగినవాళ్ళు పదకొండోది రాస్తారు.

ఇక నేను పట్టుబట్టి చెప్పే సలహా: బ్లాగు పెట్టెలో రాయకండి. కొత్త టపా అని నొక్కగానే తెరుచుకునే ఆ తెల్ల పెట్టెలో ఒక్క వాక్యం కూడా పుట్టకూడదు. నోట్‌ప్యాడ్‌లో, మామూలు టెక్స్ట్ ఫైల్లో, యూనికోడ్ తెలుగులో రాసి, ఫైలు పేరులో ముందు తేదీ తరవాత విషయం పెట్టి, మీ సొంత కంప్యూటర్లో దాచుకోండి. ఆఫీసు లాప్‌టాప్‌లో మాత్రం వద్దు. లేఆఫ్ వస్తే అది పొద్దున తొమ్మిదికే మూసుకుపోతుంది, లోపలున్నది మళ్ళీ మీ చేతికి రాదు.

ఇది చాదస్తం కాదనడానికి మన తెలుగు చరిత్రే సాక్ష్యం. 1990ల మొదట్లో హ్యూస్టన్ రైస్ యూనివర్సిటీలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ కలిసి ఆర్‌టీఎస్ అనే లిప్యంతరీకరణ పద్ధతి తయారుచేశారు. తెలుగు మాటని మామూలు ఇంగ్లీషు అక్షరాల్లో, ఒక కచ్చితమైన లెక్కతో రాసే పద్ధతి అది. తెర మీద చూడ్డానికి అందంగా ఉండదు. ఆ తరవాత పత్రికలు వెబ్‌లోకి వచ్చి ఎవరి ఫాంటు వాళ్ళు తయారుచేసుకున్నారు. తెర మీద ముచ్చటైన తెలుగు కనిపించేది, కానీ లోపల ఉన్నవి ఆ ఫాంటుకి మాత్రమే అర్థమయ్యే సంకేతాలు. ఫాంటు లేకపోతే పేజీ అంతా గజిబిజి. వాటిని యూనికోడ్‌లోకి మార్చి చూపించడానికి వెన్న నాగార్జున పద్మ అనే ఫైర్‌ఫాక్స్ ఎక్స్‌టెన్షన్ రాశారు. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాకి శ్రీకారం చుట్టింది కూడా ఆయనే. 2017 నవంబరులో ఫైర్‌ఫాక్స్ పాత తరహా ఎక్స్‌టెన్షన్లన్నిటికీ ఒకేసారి తలుపు వేసేసింది. ఇప్పుడు లెక్క చూడండి. అందంలేని ఆర్‌టీఎస్ పాఠాన్ని ఇవాళ కూడా ఎవరైనా యూనికోడ్‌లోకి మార్చుకోవచ్చు. దాని తరవాత పుట్టిన అందమైన ఫాంటు పేజీల్ని చదవాలంటే పనిముట్టు వెతుక్కోవాలి. కనిపించే తీరుకి కట్టుబడ్డ పాఠం ఆ తీరుతోపాటే ముసలిదవుతుంది. అమెరికా నుంచి 1998లో మొదలైన ఈమాట వెబ్ పత్రిక పాత సంచికల్ని ఈరోజుకీ హాయిగా చదువుకోగలుగుతున్నామంటే, పాఠాన్ని పాఠంగా కాపాడుకున్నవాళ్ళ ఓపిక వల్లే.

బ్లాగర్‌లోనూ వర్డ్‌ప్రెస్‌లోనూ మొత్తం బ్లాగుని ఒక ఫైలుగా దించుకునే సదుపాయం ఉంది కదా అంటారు. దించుకోండి, మంచిదే. కానీ ఆ ఫైల్లో మాటలుంటాయి, ఫొటోలుండవు, వాటి చిరునామాలే ఉంటాయి. సైటు పోతే ఆ చిరునామాలు ఎటూ తీసుకెళ్ళవు. ఫొటోలు విడిగా, అదే ఫోల్డర్లో, అదే తేదీ పేరుతో పెట్టుకోండి.

తరవాతది భాషాభిమానులకి నచ్చని సలహా. టపా శీర్షిక తెలుగులో, టపా చిరునామా ఇంగ్లీషు అక్షరాల్లో.

ఉదాహరణకి 'అమెరికాలో మా అమ్మ ఆవకాయ పెట్టిన వేసవి' అని శీర్షిక పెట్టారనుకుందాం. వర్డ్‌ప్రెస్ దాన్ని చిరునామాగా మార్చేటప్పుడు ఒక్కో తెలుగు సంకేతం తొమ్మిది గుర్తులవుతుంది. గుణింతపు గుర్తుకి వేరే తొమ్మిది, వత్తుకి ముందుండే పొల్లుకి వేరే తొమ్మిది. చిరునామాలో ఆ భాగానికి హద్దు 200 గుర్తులు. లెక్కేసి చూస్తే మీ చిరునామా 'అమెరికాలో-మా-అమ్మ-ఆవకాయ-ప' దగ్గర ఆగిపోతుంది. ఆ లంకెని కాపీ చేసి ఈమెయిల్లో అతికిస్తే మూడు లైన్ల శాతం గుర్తులు, అంకెలు. మీ పెదనాన్నగారు దాన్ని చూసి వైరస్ అనుకుని ముట్టుకోరు. బ్లాగర్ ఇంకో రకం: తెలుగు అక్షరాల్ని పూర్తిగా వదిలేసి 'బ్లాగ్ పోస్ట్ 27' అన్న ధోరణిలో చిరునామా ఇచ్చేస్తుంది. పదేళ్ళ తరవాత ఎవరికైనా అది ఏ టపాయో తెలిసే దారి లేదు. అందుకని చిరునామా గడిలో మీ చేత్తో మీరే రెండు మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో రాయండి. ఒకసారి రాసి ప్రచురించాక అందులో స్పెల్లింగ్ తప్పు కనిపించినా దిద్దకండి. దిద్దిన క్షణంలో అంతకుముందు పంచుకున్న లంకెలు చెడిపోవచ్చు.

సొంత డొమైన్ వద్దు. ఈ మాటకే అందరూ ఎక్కువ పోట్లాడతారు. డొమైన్‌ని ఎవరూ కొనుక్కోలేరు, అద్దెకి తీసుకుంటారంతే. ఒక్కసారికి గరిష్ఠం 10 ఏళ్ళు. మధ్యలో క్రెడిట్ కార్డు గడువు తీరుతుంది, రిజిస్ట్రార్ ఉత్తరాలు పాత ఈమెయిల్‌కి వెళతాయి, వీసా తిరగబడి ఇండియా వెళ్ళిపోయినవాళ్ళకి ఇక్కడి కార్డే ఉండదు. వదిలేసిన పేరుని ఇంకెవరో కొని జూదం ప్రకటనలు పెడతారు. ఆ భయం తీర్చడానికే వర్డ్‌ప్రెస్ డాట్ కామ్ 2023లో 100 ఏళ్ళ పథకం ఒకటి ప్రకటించింది, అప్పటి ధర 38,000 డాలర్లు. మామూలు సంసారికి అది దారి కాదు. ఉచిత చిరునామాకి కట్టాల్సిన అద్దె లేదు, మీరు కొన్నాళ్ళు మరిచిపోయినా అది నిలబడి ఉండే అవకాశం ఎక్కువ. అదీ శాశ్వతం కాదని నాకు తెలుసు. అలాగే ఉచితంగా చోటిచ్చిన జియోసిటీస్ 2009లో, పోస్టరస్ 2013లో మూతపడ్డాయి. ఇంట్లో ఫైళ్ళున్నవాళ్ళకి మళ్ళీ ఇంకోచోట పెట్టుకోవడం ఒక వీకెండ్ పని. లేనివాళ్ళకి అన్నేళ్ళ రాతా పోయినట్టే.

ఎంతమంది చూశారో చెప్పే లెక్కల పేజీ చూడకండి. తెలుగులో ఒక మంచి వ్యాసాన్ని తొలివారం చదివేది పాతికమంది కావచ్చు, అందులో ఒకరు ఆరేళ్ళ తరవాత దాన్ని వెతుక్కుంటూ వస్తారు. ఆ మనిషి మీ లెక్కల్లో పడరు. ప్రకటనలు కూడా వద్దు. గూగుల్ ప్రకటనల పథకం యాడ్‌సెన్స్‌లో తెలుగుకి చోటు దొరికిందే 2018 చివర్లో. పైగా హెచ్1బీ వీసా మీద ఉన్నవాళ్ళకి పనిచేసే అనుమతి పిటిషన్ వేసిన యజమాని దగ్గర మాత్రమే. ప్రకటనల సొమ్ము ఆ నిబంధన కిందికి ఎలా వస్తుందో లాయరుని అడక్కుండా ఆ జోలికి పోకండి.

లంకె పంచకండి, మొత్తం రాతనే పంచండి. వాట్సాప్‌లో కుటుంబం గ్రూపుకి పూర్తి పాఠం అతికించండి, కింద పేరూ తేదీ పెట్టండి. 'క్లిక్ చేసి చదవండి' అంటే సగంమంది చెయ్యరు. మొత్తం పంపితే మీ పిన్ని దాన్ని ఇంకో గ్రూపుకి పంపుతుంది, ఇంకెవరి ఫోన్లోనో ఒక ప్రతి మిగులుతుంది. నకలు ఎన్ని చోట్ల ఉంటే రాతకి అంత ఆయుష్షు. ఒకప్పుడు కొత్త టపాల్ని ఒకచోట చూపించే కూడలి, జల్లెడ, హారం, మాలిక లాంటి సంకలినులు రాతని నలుగురికీ చేర్చేవి. పొద్దున లేచి కూడలి తెరిస్తే ఏ ఊళ్ళో ఎవరు ఏం రాశారో తెలిసిపోయేది. ఆ తరవాత బ్లాగర్లు చాలామంది ఫేస్‌బుక్‌కి వెళ్ళిపోయి, అక్కడే నేరుగా రాయడం మొదలుపెట్టారు. 2012లో ఫేస్‌బుక్ గోడ మీద రాసిన మంచి వ్యాసం ఒకటి గుర్తొచ్చి ఇవాళ వెతకండి, ఎంత కష్టమో తెలుస్తుంది. శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఇంటర్నెట్ ఆర్కైవ్ 1996 నుంచీ వెబ్ పేజీల్ని దాచిపెడుతోంది, కానీ లాగిన్ వెనకున్న గోడలు దానికి అందవు. మీ టపాని మాత్రం ప్రచురించిన రోజే ఆ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్‌లో 'సేవ్ పేజ్ నౌ' దగ్గర ఇచ్చి దాయించవచ్చు. ఒక నిమిషం పని, తప్పకుండా చెయ్యండి.

ఏడాదికోసారి అన్నిటినీ కాగితం మీదికి తెండి. పీడీఎఫ్ చేసి స్టేపుల్స్‌కో ఫెడెక్స్ ఆఫీస్‌కో తీసుకెళ్ళి స్పైరల్ బైండింగ్ చేయించండి. వర్డ్ ఫైలు ఇవ్వకండి, వాళ్ళ కంప్యూటర్లో తెలుగు ఫాంటు ఎలా ఉంటుందో మనకి తెలీదు. డిజిటల్ యుగంలో ఈ కాగితాలేమిటని అడిగేవాళ్ళకి షికాగో, మాడిసన్ యూనివర్సిటీల లైబ్రరీలు చూపించాలి. అమెరికా గోధుమలకి భారతదేశం రూపాయల్లో కట్టిన సొమ్ముతో, పీఎల్-480 పథకం కింద, 1962 నుంచి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఢిల్లీ ఆఫీసు మన పుస్తకాలు కొని ఇక్కడికి పంపింది. విజయవాడలోనూ మద్రాసులోనూ అచ్చయి, అక్కడి అంగళ్ళలో ఎప్పుడో కనుమరుగైన తెలుగు పుస్తకాలు ఈ బీరువాల్లో ఇప్పటికీ దొరుకుతాయి. 2006లో పుట్టిన బ్లాగులు ఎన్నో ఇప్పుడు లేవు. స్పైరల్ పుస్తకం రెండు ప్రతులు తీయించి, ఒకటి ఇండియా వెళ్ళేవాళ్ళతో ఊరికి పంపండి.

చివరిగా, పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పకూడదంటారు. మీరు ఒకరికి దారి చూపించి ఉంచండి. రెండేళ్ళు ఎవరూ ముట్టుకోని వ్యక్తిగత ఖాతాల్ని తొలగించే విధానాన్ని బ్లాగర్‌ని నడిపే గూగుల్ 2023లో ప్రకటించింది. అదే గూగుల్లో ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్ అని 2013 నుంచీ ఒక ఏర్పాటు ఉంది. మీ ఖాతా ఇన్ని నెలలు కదలకపోతే ఫలానావాళ్ళకి కబురు పెట్టు, ఇవి వాళ్ళకి అందించు అని ముందే చెప్పి ఉంచవచ్చు. ఆ పేరు ఎంచుకునేటప్పుడు కాస్త ఆలోచించండి. ఇక్కడ పుట్టిన పిల్లలకి తెలుగు మాట్లాడ్డం వచ్చినా చదవడం రాకపోవచ్చు. తెలుగు చదివే చెల్లెలో, మేనకోడలో, పాత స్నేహితుడో అయితే మంచిది. పేరు నమోదు చేసి ఊరుకోకుండా ఆ మనిషికి ఫోన్ చేసి చెప్పండి: ఫైళ్ళ ఫోల్డరు ఫలానా చోట ఉంది, బైండు చేసిన పుస్తకం అమ్మ దగ్గర బీరువాలో ఉంది, ఇందులో ఏ టపాలు ఉంచాలో ఏవి తీసెయ్యాలో నీ ఇష్టం అని.