లాకు దగ్గర ఇద్దరు లస్కర్లు

ధవళేశ్వరంలో లాకు ఎలా పనిచేస్తుందో కాలవలో పడవ నడిపిన ఏ ముసలాయన్ని అడిగినా చెప్తాడు. ఒక తలుపు మూసి, నీళ్లు సమం చేసి, అప్పుడు రెండోది తీస్తారు. ఎవరి మాట మీద తలుపు కదలాలో ముందే తేలిపోయి ఉంటుంది. సాఫ్ట్‌వేర్లోనూ లాకులున్నాయండి. తేలనిదల్లా తలుపు తీసే లస్కరు ఎవరన్నదే.

రాజమండ్రిలో ఇంటి నుంచి నేను చేసే ప్రాజెక్టులో ఒకాయన జీఈవెంట్ అనే పైథాన్ లైబ్రరీ తెచ్చిపెట్టాడు, ఇంకొకాయన థ్రెడ్లు పరిచాడు. ఇక టెస్టులు సగంలో నిలబడిపోవడం మొదలైంది. ఫెయిలైతే తిట్టుకోవచ్చు. ఇది పడదు, లేవదు. ఓ రోజు కరెంటు పోతే, ఆగడానికి కారణం దొరికిందని సంబరపడ్డాను కూడా.

పెద్దలు చెప్పిన వైద్యం వినండి. "ఆయ్, ఇంకోసారి రన్ కొట్టండి, అదే పోతుంది." పోలేదు. అయిదు నిమిషాల టైమవుటు అరగంట అయింది, అరగంట గంటైంది. సఖినేటిపల్లి రేవులో పంటు కదలకపోతే, టిక్కెట్లు ఇంకో గంట అమ్ముదామన్నట్టు! చివరికి 'ఫ్లేకీ' అని పేరు పెట్టారు. రోగానికి బారసాల చేస్తే నయమైపోతుందని కాబోలు.

అసలు సంగతి ఇదీ. జీఈవెంట్ వచ్చి పైథాన్ లాకులు, అంటే తాళాలన్నీ పీకి తనవి బిగిస్తుంది. అంతకు ముందే ఏ లైబ్రరీయో పాత తాళం పట్టుకుని కూర్చుంటే, ఒకే థ్రెడ్డులో నడిచే పనులన్నీ దాని దగ్గర ఆగిపోతాయి. తాళం తీయాల్సిన పని కూడా ఆ క్యూలోనే ఉంటుంది మరి. థ్రెడ్లున్న ప్రాసెస్‌ని ఫోర్క్ చేయడం ఇంకా వింత: వేసిన తాళంతో సహా ఇల్లంతా నకలొస్తుంది, తాళంచెవి ఉన్న మనిషి మాత్రం రాడు. 2023లో పైథాన్ 3.12 దీని మీద హెచ్చరిక పెట్టింది. 2025లో వచ్చిన 3.14 అయితే లినక్సులో మల్టీప్రాసెసింగ్‌కి ఫోర్క్ అలవాటునే మానేసి ఫోర్క్‌సర్వర్‌కి మారింది. మా కోడులో ఆ హెచ్చరిక కనబడకుండా మూసేసిన లైను ఉంది. రాసిందెవరో వెతకలేదు. నేనే అయ్యుంటే?

ఎక్కడ ఆగిందో చూపించే ఫాల్ట్‌హ్యాండ్లర్ 2012లో వచ్చిన 3.3 నుంచీ పైథాన్‌లోనే ఉంది. టెస్టులు నడిపే పైటెస్టుకి ఒక్క సెట్టింగు చాలు. పెట్టాం. ఏ థ్రెడ్డు ఏ లైను మీద నిలబడిందో రాసి చూపించింది. డేటాబేసు లైబ్రరీ జీఈవెంట్ కన్నా ముందు ఇంపోర్టవుతోంది. టెస్టుల్లోంచి జీఈవెంట్‌ని తీసేశాం, లస్కరు ఒక్కడే మిగిలాడు. టెస్టులు నలభై సెకన్లలో పూర్తయ్యాయి.

మర్నాడు మీటింగులో టైమవుటు తగ్గిద్దామా అని అడిగాను. వద్దన్నారు. గంటే ఉంచమన్నారు, ఎందుకైనా మంచిదటండి.