ద్విసింగపురీయం: టీకా తాత్పర్య సహితం

మూలం:
“నెట్టు మీ దగ్గర, టికెట్టు మీ దగ్గర, డబ్బులూ మీ దగ్గరే. ఏమండీ, మీరెక్కడ?”

అవతారిక: రాయగడ తెలుగు ఇల్లాలు ఒకామె భర్తతో కలిసి కొరాపుట్ వెళ్తుండగా, సింగపురం రోడ్ స్టేషన్‌లో ఆయన టీ కోసం దిగాడు. బండి కదిలింది. అప్పుడామె ఫోన్‌లో పలికిన వాక్యమిది. కాదు, సింగపూర్‌లో మెట్రో గేటు ఆయన్ను లోపలికి పోనిచ్చి ఆమెను బయటే నిలిపినప్పుడు పలికిందని ఇంకొందరు. రెండూ గ్రాహ్యమే. పింగళి సూరన ‘రాఘవపాండవీయం’లో రామకథనూ భారతకథనూ ఒకే పద్యాల్లో నడపగా లేనిది, ఇల్లాలి మాటలో రెండు సింగపురాలు ఇమడవా? పైగా కొరాపుట్ లైను చీలేది సింగపురం రోడ్ దగ్గరే కనుక మొదటి అర్థానికి రైల్వేవారి ప్రమాణం ఉంది.

ప్రతిపదార్థం: నెట్టు = ఇంటర్నెట్టు; మీ దగ్గర = భర్త ఫోన్‌లో మాత్రమే. “ఇంట్లో వైఫై ఉండగా నీకెందుకు దండగ” అని ఆమె నంబరుకు ఆయన మాటల ప్యాకే వేయించాడు. టికెట్టు = యాప్‌లో తీసిన జనరల్ టికెట్టు. దాన్ని తీసిన ఫోన్‌లోనే చూపాలి, స్క్రీన్‌షాట్ చెల్లదు. అదే రిజర్వేషనైతే, వచ్చిన మెసేజీని ఆమెకూ పంపి ఉంటే గుర్తింపు కార్డుతో గట్టెక్కేది. డబ్బులూ = ఆయన యూపీఐ, ఆమె ఖాతా కూడా. దానికీ ఆయన నంబరే ఇచ్చారు కాబట్టి ఆమె ఓటీపీ ఆయన జేబులో మోగుతుంది. ఏమండీ = సంబోధన. ఫోన్ స్పీకర్‌లో ఉండటంతో ప్లాట్‌ఫారం మీద నలుగురైదుగురు భర్తలు ఉలిక్కిపడ్డారు.

నాయికా విచారం: ఈమె ప్రోషితభర్తృక అని కొందరు. చెల్లదు. నాథుడు దేశాంతరం పోలేదు, చివరి పెట్టెలో ఎక్కాడు.

తాత్పర్యం: ఒకటో అర్థంలో బండి టికిరి వైపు కొండల్లోకి పోతుంది. 1998 నాటికి పూర్తయిన ఈ దారిలో సొరంగాలకు కొదవ లేదు, ఒక్కొక్కటి వచ్చినప్పుడల్లా సిగ్నల్ పోతుంది. నెట్టు లేకున్నా స్టార్ 99 హ్యాష్ నొక్కి డబ్బు పంపవచ్చని శాస్త్రం, కానీ దానికీ సిగ్నల్ కావాలి, ఖాతాకిచ్చిన నంబరు చేతిలో ఉండాలి. టీటీఈ వస్తే ఏం చూపాలో తెలియదు. పల్లీలవాడు వస్తే పొట్లానికి పది రూపాయల నోటు లేదు. రెండోదే ఆమెను ఎక్కువ బాధించిందని నా అభిప్రాయం.

రెండో అర్థానికి పూర్వపక్షం: మన యూపీఐని 2023 ఫిబ్రవరి 21న సింగపూర్ పేనౌతో కలిపారు కదా, ఇంకేం భయం? సమాధానం: ఆ కలపడం మనిషి నుంచి మనిషికి డబ్బు పంపడానికి. దుకాణంలో స్కాన్ చేయాలంటే యాప్‌లో విదేశీ చెల్లింపులు ముందుగా తెరిచి ఉండాలి, ఆ దుకాణం కూడా ఒప్పుకోవాలి. మెట్రోలో బ్యాంకు కార్డు తాకించి వెళ్లవచ్చు గానీ, ఒక కార్డు మీద ఒక్కరే. ఆయన తన కార్డుతో లోపలికి వెళ్లాక, అదే కార్డు ఆమెకు పనిచేయదు. గేటుకు దాంపత్యం పట్టదు. ఇక లోకల్ సిమ్ము వేసి ఇండియా సిమ్మును పర్సులో దాచిన జాణ భర్త సంగతి చెప్పేదేముంది, ఓటీపీ రావాల్సింది ఆ పర్సులోని సిమ్ముకే.

పాఠాంతరం: “అన్నీ నేను చూసుకుంటానుగా” అనే వాక్యం కొన్ని ప్రతుల్లో మూలానికి ముందు కనిపిస్తుంది. అది భర్త చేర్చిన ప్రక్షిప్తం. పరిహరించాలి.

నిర్ణయం: 2024లో వచ్చిన యూపీఐ సర్కిల్‌తో భర్త ఖాతాలోంచి భార్య తన ఫోన్‌తోనే చెల్లించవచ్చు. పూర్తి అనుమతి ఇస్తే ఒకసారికి 5,000, నెలకు 15,000 దాకా. ఇచ్చేవాడికి అంత మనసు లేకపోతే ప్రతి చెల్లింపునూ తానే ఆమోదించే పద్ధతీ ఉంది, కాకపోతే మళ్లీ సొరంగంలో ఇరుక్కునేది ఆవిడే. కనుక రాయగడలో బండెక్కే ముందు ఆవిడ ఫోన్‌కు నెట్టు వేయించండి, చేతిలో నాలుగు వంద నోట్లు పెట్టండి, టీ బండిలోనే తాగండి.