క్షమాపణకు సుంకం లేదు

పేద దేశాన్ని బాగుచేయడం ఎలాగో ఆ పేద దేశానికి తప్ప లోకంలో అందరికీ తెలుసు. అనుమానముంటే హైతీ చరిత్ర తిరగేయండి. రెండు వందల ఏళ్లుగా ఆ దేశం మీద చెయ్యి వేయని పెద్దమనిషి లేడు.

మొదటి చెయ్యి ఫ్రాన్స్‌ది. అక్కడి బానిసలు తిరగబడి, నెపోలియన్ సైన్యాన్ని ఓడించి, 1804లో స్వతంత్రులయ్యారు. 1825లో ఫ్రాన్స్ యుద్ధనౌకలను వెంటబెట్టుకొచ్చి బిల్లు చేతిలో పెట్టింది: 15 కోట్ల ఫ్రాంకులు. దేనికయ్యా అంటే, మీరు స్వేచ్ఛ పొందడంవల్ల మీ యజమానులకు వాటిల్లిన నష్టానికి! ఎత్తుకొచ్చిన మనిషి తన వెల తానే ఎత్తుకొచ్చినవాడికి కట్టాలన్నమాట. అంత డబ్బు లేదంటే అప్పిచ్చేందుకు పారిస్ బ్యాంకులు సిద్ధంగా ఉన్నాయి. తర్వాత దయతలచి బిల్లును 9 కోట్లకు తగ్గించారు. ఆ అప్పుల తోక తెగేసరికి 1947 వచ్చింది.

రెండో చెయ్యి అమెరికాది. 1914 డిసెంబరులో మెరైన్లు దిగి, హైతీ జాతీయ బ్యాంకులో ఉన్న 5 లక్షల డాలర్ల బంగారాన్ని ఓడకెక్కించి న్యూయార్క్ చేర్చారు. భద్రత కోసమట. మరుసటి ఏడు ఏకంగా సైన్యమే దిగి 1934 దాకా ఉండిపోయింది. ఇప్పటికీ సదస్సుల్లో మేధావులు 'హైతీలో బలమైన సంస్థలు లేవు, అందుకే అభివృద్ధి లేదు' అని నిట్టూరుస్తుంటారు. నిజమే. ఉన్న ఒక్క సంస్థ ఇనప్పెట్టె ఎటు పోయిందో మాత్రం వాళ్ల స్లయిడ్లలో కనపడదు.

ఇక పందుల ఘట్టం. హైతీ పల్లెల్లో చిన్న నల్ల పందులుండేవి. చెత్తాచెదారం తిని పెరిగేవి. పిల్లల బడి ఫీజుకో, పెళ్లికో, చావుకో ఒకదాన్ని అమ్మేవారు. రైతు బ్యాంకు అదే. ఇంతలో పొరుగున ఉన్న డొమినికన్ రిపబ్లిక్ వైపునుంచి ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ వచ్చింది. అది తమ పందులకెక్కడ అంటుకుంటుందోనని ఉత్తర అమెరికా దేశాలు డబ్బు పెట్టి, 1983కల్లా హైతీ పందులను ఊడ్చిపెట్టేశాయి. బదులుగా అయోవా నుంచి మేలుజాతి పందులు దిగాయి. వాటికి పైకప్పు కావాలి, సిమెంటు గచ్చు కావాలి, శుభ్రమైన నీళ్లు కావాలి, దిగుమతి దాణా కావాలి. పెంచేవాడి గుడిసెలో ఉన్నది మట్టినేల. రైతులు వాటికి 'నాలుగు కాళ్ల యువరాజులు' అని పేరుపెట్టి ఓ దండం పెట్టారు. వ్యంగ్యం రాసి బతికేవాడి పొట్ట కొట్టడం అంటే ఇదే. వాళ్లు నాకేమీ మిగల్చలేదు.

పంది పోతే పోయింది, వరి ఉందిగా అంటారా? అదీ చూశారు. ఆర్టిబొనైట్ నదీ లోయ హైతీకి ధాన్యాగారం. 1980ల తొలినాళ్లలో ఆ దేశం తినే బియ్యంలో సింహభాగం సొంతంగా పండించుకునేది. 1994లో అమెరికా అండతో, పదవి పోగొట్టుకున్న అధ్యక్షుడు అరిస్టీడ్ తిరిగి గద్దెనెక్కాడు. అండ ఊరికే రాదు. వెనకాలే ఐఎంఎఫ్ షరతులొచ్చాయి. 1995లో బియ్యం మీద దిగుమతి సుంకం 3 శాతానికి పడిపోయింది. అమెరికా సర్కారు సబ్సిడీతో పండిన బియ్యం రేవులో గుట్టలు పడింది. గమనించండి: పేదవాడు సుంకం వేస్తే అది మార్కెట్ వక్రీకరణ, ధనికుడు సబ్సిడీ ఇస్తే అది వ్యవసాయ విధానం.

సిద్ధాంతం మాత్రం ముచ్చటైనది. బియ్యం చవగ్గా కొనుక్కోండి, మీ రైతులు పొలాలొదిలి పట్నం ఫ్యాక్టరీల్లో చేరతారు, దేశం బాగుపడుతుంది. రైతులు పొలాలొదిలారు, సిద్ధాంతం ప్రకారమే. పట్నం చేరారు, సిద్ధాంతం ప్రకారమే. ఫ్యాక్టరీలే సిద్ధాంతం చదువుకోలేదు. ఈనాడు హైతీ తినే బియ్యంలో అయిదింట నాలుగు వంతులు దిగుమతే.

2010 జనవరి 12న భూకంపం వచ్చి, పట్నంలో కిక్కిరిసిన ఇళ్లెన్నో నేలమట్టమయ్యాయి. మార్చిలో, ఆ సుంకం పడిపోయిన రోజుల్లో అమెరికా అధ్యక్షుడిగా ఉన్న బిల్ క్లింటన్ సెనేట్ కమిటీ ముందు ఆ బియ్యం విధానం పొరపాటేనని ఒప్పుకున్నాడు. తన సొంత రాష్ట్రం ఆర్కాన్సాలో రైతులు కొందరికి మేలు జరిగి ఉండొచ్చని కూడా అన్నాడు. నిజాయితీకి మెచ్చుకోవాలి. బహుమతిగా హైతీ పునర్నిర్మాణ కమిషన్‌కు సహాధ్యక్ష పదవి దక్కింది. సాయం సొమ్ములో అత్యధిక భాగం హైతీ ప్రభుత్వాన్ని తాకకుండా పైపైనే వెళ్లిపోయింది. పాపం, ఆ ప్రభుత్వానికి సామర్థ్యం లేదు కదా!

అదే ఏడాది అక్టోబరులో ఐక్యరాజ్యసమితి శాంతి దళాల శిబిరం మురుగు నదిలో కలిసి, ఆర్టిబొనైట్ లోయలో కలరా పాకింది. దాదాపు పదివేల మంది చనిపోయారు. బాధితులు అమెరికా కోర్టుకెక్కితే, ఐరాసకు చట్టపరమైన రక్షణ ఉంది కాబట్టి దావా చెల్లదన్నారు. ఐరాస ప్రధాన కార్యదర్శి బాన్ కీ మూన్ క్షమాపణ చెప్పేసరికి 2016 డిసెంబరు వచ్చింది.

హైతీ మనకు దూరమేగానీ, ఒకరి సలహాకు మరొకరు మూల్యం కట్టే ఈ ఏర్పాటు మనకు కొత్త కాదు. ప్రపంచ బ్యాంకు రుణంతో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో విద్యుత్ సంస్కరణలు జరిగాయి, చార్జీలు పెరిగాయి, 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో పోలీసు తూటాలు పేలి ఉద్యమకారులు నేలకొరిగారు. 2004 ఎన్నికల్లో జనానికి జవాబు చెప్పుకోవలసి వచ్చింది ముఖ్యమంత్రికి. బ్యాంకు ఎక్కడా పోటీ చేయలేదు, కాబట్టి ఓడిపోలేదు.

వ్యాపారం చెడ్డదనీ, సాయం వద్దనీ అనను. దక్షిణ కొరియా అమెరికా సాయం పుచ్చుకుంది, ప్రపంచంతో వ్యాపారమూ చేసింది. అయితే ఏ తలుపు ఎప్పుడు తెరవాలో సియోల్‌లో తేల్చుకుంది, తన వరి రైతును దశాబ్దాలపాటు కాపాడుకుంది. వద్దు అనగలిగినవాడికే సాయం సాయమవుతుంది. అనలేనివాడికి అది ఆజ్ఞ.

అందుకని రుణపత్రాల్లో ఒక్క షరతు చేర్చమని మనవి. సలహా బెడిసికొడితే నష్టంలో సలహాదారుకూ వాటా ఉండాలి. లాభంలో వాటా ఎటూ తీసుకుంటున్నారు. అంతవరకూ మన రాష్ట్రాన్ని బాగుచేస్తామంటూ ఎవరైనా ఫైలు పట్టుకొస్తే మర్యాదగా కూర్చోబెట్టి టీ ఇవ్వండి. సంతకం పెట్టేముందు మాత్రం ఒక్క మాట అడగండి: లెక్క తప్పితే కట్టేదెవరు?