నవలగారు

సాహిత్య సభలు జరిగే ప్రతి ఊళ్ళోనూ ఒక నవలగారు ఉంటారు. అసలు పేరు ఓటర్ల జాబితాలో ఉంటుంది. జనం మాత్రం నవలగారనే అంటారు. ఆయన అచ్చేసిన నవల ఒక్కటీ లేదు. రాస్తున్న నవల ఒకటుంది. బ్యాంకులో గుమాస్తాగా చేరిన కొత్తల్లో మొదలెట్టారు. ఆయన మేనేజరై రిటైరయ్యారు గానీ, నవల ఇంకా ప్రొబేషన్‌లోనే ఉంది.

"ఎంతవరకు వచ్చిందండీ?" అని అడిగితే మామూలు రచయితలు పేజీలు చెబుతారు. నవలగారు "స్ట్రక్చర్ కుదిరింది" అంటారు. "జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవానికి తెచ్చేస్తున్నా" అని కూడా అంటారు. ఏ జనవరో అడగడం మర్యాద కాదని అందరికీ తెలుసు.

ఆయన గదిలో గోడలకి వేసిన రంగు ఎవరికీ గుర్తులేదు. అంతా కార్డులే. పసుపువి నాయకుడివి, గులాబీవి నాయికవి, ఆకుపచ్చవి పొలం తగాదావి. నబకోవ్ అంతటివాడు కార్డుల మీదే నవలలు రాశాడని ఆయన ధీమా. ఆయన భార్య ఆ గోడ మీంచి చేతికందిన కార్డు పీకి, వెనకవైపు పాల లెక్క రాస్తుంటారు. ఒకసారి ఆ కార్డు కాస్తా పాలవాడి జేబులో వెళ్ళిపోయింది. అందులో తాతగారి చావు ఉంది. దాంతో ఆ ప్రతిలో తాతగారు చావకుండా, చివరిదాకా అరుగు మీద కూర్చుని వచ్చేపోయేవాళ్ళని తిడుతూ ఉండిపోయారు. చదివిన ఇద్దరు ముగ్గురూ నవల మొత్తంలో ప్రాణమున్న మనిషి ఆయనొక్కరే అన్నారు. నవలగారు వెంటనే కొత్త కార్డు రాసి తాతగారిని చంపేశారు.

"ఆయన బతకడం ప్లాన్‌లో లేదు" అన్నారు.

నవలగారు ఏం చేసినా దానికి మహానుభావుల సాక్ష్యం ఉంటుంది. ఆలస్యమైందంటే, 'మదామ్ బొవారీ'కి ఫ్లోబేర్ 1851 నుంచి దాదాపు అయిదేళ్ళు తీసుకున్నాడంటారు. ముగింపు మార్చారంటే, హెమింగ్వే 'ఏ ఫేర్‌వెల్ టు ఆర్మ్స్' ఆఖరి పేజీని 39 సార్లు తిరగరాశానన్నాడనీ, 2012లో వాటన్నిటినీ అచ్చేస్తే 47 ముగింపులు తేలాయనీ అంటారు. మొత్తం చింపేశారంటే, 'నేరము-శిక్ష' తొలి ప్రతిని దోస్తొయెవ్‌స్కీ కాల్చెయ్యలేదా అంటారు. కాల్చిన మనిషే 1866లో ఆ నవలని విడతల వారీగా పత్రికకి అందించిన సంగతీ, హెమింగ్వే 1929లో ఏదో ఒక ముగింపు దగ్గర ఆగి పుస్తకం వదిలేసిన సంగతీ ఆ సాక్ష్యంలోకి రావు.

ఒక ఉగాదికి మాత్రం ఆయన మనసు వేగం మీదికి పోయింది. విశ్వనాథ 'వేయిపడగలు' 29 రోజుల్లో ఆశువుగా చెబుతుంటే తమ్ముడు రాశారంటారు. దోస్తొయెవ్‌స్కీ 'జూదరి'ని 26 రోజుల్లో అన్నా అనే స్టెనోగ్రాఫరుకి చెప్పి, తర్వాత ఆమెనే పెళ్ళాడాడు. ఈ రెండు కథలూ వినిపించి, భార్యని కాగితాలూ కలమూ తెచ్చుకోమన్నారు.

"ఆ అమ్మాయి తెలివైందండీ. నవల పూర్తయ్యాకే పెళ్ళికి ఒప్పుకుంది" అంటూ ఆవిడ వంటింట్లోకి వెళ్ళిపోయారు.

నవలగారిది మూడు తరాల కథ. అయితే 1969లో వచ్చిన నవీన్ 'అంపశయ్య' మళ్ళీ చదివారు. ఉస్మానియా విద్యార్థి ఒకడి ఒక్క రోజే ఆ నవలంతా. ఇంకేముంది, మూడు తరాలనీ ఒక్క రోజులోకి దించేశారు. తాతగారి పెళ్ళి టిఫిను వేళకి పడింది, జమీందారీ రద్దు మధ్యాహ్న భోజనంలో పడింది, మనవడి అమెరికా ప్రయాణం సాయంత్రం కాఫీతో సరిపెట్టుకుంది. అన్నీ జ్ఞాపకాలేనని ఆయన వివరణ. జ్ఞాపకం చేసుకునే నాయకుడికి పాపం పళ్ళు తోముకునే తీరిక కూడా దొరకలేదు.

ఆ తర్వాత దృష్టికోణం మీద అనుమానం వచ్చింది. కథ 'నేను' చెప్పకూడదు, 'అతను' అంటూ నడవాలి. చేత్తో దిద్దితే నెలలు పడుతుందని, మనవడు కంప్యూటర్‌లో ఒక ఉపాయం చూపించాడు. 'ను' కనపడిన చోటల్లా 'డు' పెట్టమంటే చిటికెలో పని. 'వచ్చాను' బుద్ధిగా 'వచ్చాడు' అయింది. కానీ 'తాను' 'తాడు' అయింది. పెళ్ళి ఊరేగింపులో ఏనుగు ఏడుగు అయింది. నాయిక భానుమతి భాడుమతి అయింది. పేజీ పేజీకీ తాళ్ళు వేలాడుతుంటే డీటీపీ కుర్రాడు ఫోన్ చేశాడు. "సార్, ఇది క్రైమ్ నవలాండీ?"

ముందుమాటలు మాత్రం ఎప్పుడో సిద్ధమయ్యాయి. ఒకాయన మూడు తరాల ఇతిహాసమని మెచ్చుకున్నారు. ఇంకొకాయన ఒక్క రోజులో విశ్వాన్ని చూపించారన్నారు. మూడో ఆవిడ ఉత్కంఠతో నడిచే నేరపరిశోధన అని రాశారు. అబద్ధం ఎవరూ ఆడలేదు. ఎవరికి అందిన ప్రతిని వాళ్ళు చదివారు.

ఇంత మాత్రాన ఆయనకి విద్య రాదనుకుంటే పొరపాటు. ఎదుటివాళ్ళ నవల చేతిలో పెట్టి చూడాలి. ఒక టీచరమ్మాయి తన తొలి నవల పట్టుకొచ్చింది. ఆయన ఎర్రసిరా పెన్ను తీశారు.

"ఈ అధ్యాయం తీసేస్తే ఏం కూలుతుందమ్మా?"

"ఏమీ కూలదేమో మాస్టారూ."

"అయితే తీసెయ్. నీ కథ మూడో అధ్యాయంలో మొదలవుతోంది. మొదటి రెండూ నువ్వు గొంతు సవరించుకున్నావంతే. మేనమామా, బాబాయీ ఇద్దరూ అప్పులివ్వడం తప్ప వేరే పని చెయ్యడం లేదు, ఒకణ్ణి ఉంచు. సంభాషణలు పైకి చదువు. నోరు తిరగని చోట మాట్లాడుతున్నది పాత్ర కాదు, నువ్వు. అంతా అయ్యాక నెల్లాళ్ళు బీరువాలో పెట్టి, తాళం చెవి ఇంకెవరికైనా ఇచ్చెయ్."

ఆ అమ్మాయి చెప్పింది చెప్పినట్టు చేసింది. నవల సగానికి సగం తగ్గి, నిటారుగా నిలబడింది. నవలల పోటీకి గడువు తేదీ ఉంది కాబట్టి దిద్దడం కూడా ఆగింది.

చిక్కంతా ఆ గడువు దగ్గరే ఉంది. వారపత్రికల్లో సీరియళ్ళు జోరుగా నడిచిన రోజుల్లో రచయిత గుమ్మంలో ప్రతి వారం ఒక గడువు వచ్చి కూర్చునేది. పంపకపోతే పత్రికలో ఆ పేజీలు ఖాళీ. అచ్చయిపోయిన వారాన్ని వెనక్కి పిలిచి దిద్దుకునే వీలూ లేదు. చేసిన తప్పుతోనే కథని ముందుకి లాక్కెళ్ళాలి. మన నవలగారి కోసం ఏ ప్రెస్సులోనూ ఎవరూ కాచుకుని లేరు. ఆయన గడువు ఆయన చేతిలోనే ఉంది. అర్జీ పెట్టేదీ ఆయనే, పొడిగింపు మంజూరు చేసేదీ ఆయనే. బ్యాంకులో ఏ ఖాతాదారుకీ ఇంత ఉదారమైన మేనేజరు దొరికి ఉండడు.

టీచరమ్మాయి పుస్తకం అచ్చయింది. తొలి ప్రతి ఆయన చేతిలో పెట్టి కాళ్ళకి దండం పెట్టబోయేసరికే, ఆయన మొదటి పేజీలో రెండు విశేషణాలు కొట్టేసి, "రెండో ముద్రణలో చూసుకో" అన్నారు. ఆ రెండూ నిజంగానే ఎక్కువయ్యాయి. అమ్మాయి లేచి, "మాస్టారూ, ఈసారి మీ నవల నాకివ్వండి. ఆ పెన్ను కూడా" అంది. ఆయన చాలాసేపు తటపటాయించి, రెండూ ఇచ్చారు.

అమ్మాయి మళ్ళీ వచ్చినప్పుడు ముఖం కాస్త ఇబ్బందిగా ఉంది. "మీరు నేర్పినట్టే చూశాను మాస్టారూ. ఏ అధ్యాయం తీసి చూసినా ఏమీ కూలడం లేదు."

నవలగారు భార్యని పిలిచారు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"విన్నావా? స్ట్రక్చర్ అంత గట్టిగా కుదిరిందిట!"