కౌలు పద్యానికి టీకా తాత్పర్యం

కౌలు ముప్పదేండ్లు కంపెనీ కిచ్చితి
నెకరమునకు నేట నింత యనుచు
మధ్య విడుచుటెట్లొ మాటాడనే లేదు
సంతకంబు జేసి సంతసిస్తి

అవతారిక: ఒకప్పుడు అనంతపురం పల్లెల్లో కౌలుదారు కాడెద్దులతో వచ్చేవాడు. ఇప్పుడు లాయరుతో వస్తున్నాడు. 2016లో నంబులపూలకుంటలో ఎన్‌టీపీసీ 250 మెగావాట్ల సోలార్ ప్లాంటు నడవడం మొదలయ్యాక, ఎండ కూడా పంటేనని చుట్టుపక్కల అందరికీ తెలిసొచ్చింది. ఈ పద్యకర్త ఎవరో తెలియదు. సాక్షులు మాత్రం ఇద్దరున్నారు.

టీక: ముప్పదేండ్లు = సంతకం పెట్టిన తాత చివర చూడలేనన్ని ఏండ్లు. ఏడాదికి మించిన కౌలు రిజిస్టరు కావాల్సిందే. నోటరీ ముద్ర చాలదు.

కంపెనీకి = ఏ కంపెనీకి? ఇవాళ కాఫీ తాగి వెళ్లినవాళ్లకా, రేపు వాళ్లెవరికి అమ్ముకుంటే వాళ్లకా? 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం, సెక్షన్ 108(జె) ప్రకారం, పత్రంలో వద్దని రాయకపోతే కౌలుదారు తన హక్కును ఇంకొకరికి బదిలీ చేయొచ్చు, ఉపకౌలుకూ ఇవ్వొచ్చు.

ఎకరమునకు = పట్టా ఎకరమైతే సరే. డీ పట్టా, అంటే ప్రభుత్వం అసైన్ చేసిన భూమి అయితే పద్యం ఇక్కడే ఆపాలి. 1977 నాటి అసైన్డ్ భూముల చట్టం లెక్కలో కౌలు కూడా బదిలీయే. తర్వాత సడలింపులొచ్చాయి గానీ, సర్వే నంబరు రిజిస్ట్రేషన్ నిషేధించిన 22-ఎ జాబితాలో ఉందో లేదో ముందు చూడాలి.

ఇంత = పెంపు శాతం లేని ఇంత. ధరలు ఏటా 5 శాతం పెరిగితే, నేటి 30,000 రూపాయలు ముప్పై ఏళ్లకు 7,000 పాటి కూడా చేయవు.

విశేషం: మూడో పాదమే గట్టి ముడి. కవి మింగిన మాటను వ్యాఖ్యాత అధ్యాహారం చేసుకుంటాడు. కౌలు పత్రం మింగిన మాటను చట్టం పూరిస్తుంది, అదీ తరచు కౌలుదారు వైపుకే. కంపెనీ మధ్యలో వదిలి వెళ్తే, భూమిలో పాతిన స్తంభాలు, కాంక్రీటు, కేబుళ్లు ఎవరు పీకాలి? ఆస్తి బదిలీ చట్టం 108(హెచ్) ప్రకారం కౌలుదారు వాటిని తీసుకుపోవచ్చు, పోతే నేలను ఎప్పటిలా ఉంచి పోవాలి. తీసుకుపోయి తీరాలని మాత్రం అందులో లేదు. ఆ ఖర్చుకు డిపాజిట్ సంగతి మనమే రాయించుకోవాలి.

ఈ చేను కొనబోయేవాడికీ ఈ పద్యం వర్తిస్తుంది. ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయించి చూడకుండా కొంటే, భూమితో పాటు ముప్పై ఏళ్ల కౌలుదారూ వస్తాడు. అదే చట్టం సెక్షన్ 109 కొన్నవాణ్ని పాత యజమాని చెప్పుల్లోనే నిలబెడుతుంది.

సంతసిస్తి = నవ్వాల్సిన పదం కాదు. వాన మొహం చాటేసి విత్తనం డబ్బులు కూడా రాని చేనుకు ఏటా ఖాయంగా డబ్బొస్తుందంటే ఎవరికైనా సంతోషమే.

పాఠాంతరం: నాలుగో పాదం “సాంతముగను జదివి సంతసిస్తి” అని కొందరంటారు. ఛందస్సుకు లోటు లేదు. పత్రం ఇంగ్లీషులో ఉంటుంది గనుక ఆ పాఠం అగ్రాహ్యం.