పుట్టినరోజుకు పిలవండి, అన్నం పెట్టొద్దు

మీ పిల్లోడి పుట్టినరోజుకు వీధిలో పిలకాయల్ని పిలుస్తున్నారా? మంచిది. అయితే పొయ్యి వెలిగించకండి. కేటరింగ్ వాళ్ళకు ఫోన్ చేయకండి. బిరియానీ చెప్పొద్దు, కిలో కేకు చెప్పొద్దు, పేపరు ప్లేట్లలో సమోసా, చిప్సు, మిక్చరు సర్దొద్దు. వచ్చిన పిల్లలు ఆడుకోవాలి, మీవాడితో కలిసి కేకలు పెట్టాలి, దీపాలు పెట్టే వేళకు ఎవరింటికి వాళ్ళు అన్నానికి పోవాలి.

నెల్లూరు జిల్లాలో పుట్టి ఈ మాట అనడానికి నోరెట్టా వచ్చిందని అడుగుతారు. చేపల పులుసుకు పేరు మోసిన గడ్డ మనది. గడప తొక్కిన మనిషిని "తిన్నావా?" అని అడక్కుండా మరో మాట ఎత్తం. అందుకే చెబుతున్నాను. పెట్టడమే మర్యాద అనుకునే చోట, ఆ పెట్టుడు ఎదుటివాడి నెత్తిన ఎంత బరువు మోపుతుందో ఎవరూ చూడరు.

పెళ్ళిలో చదివింపులు రాసే పుస్తకం మీరు చూసే ఉంటారు. కల్యాణమండపం వాకిట్లో బల్ల వేసి, లెక్క తెలిసిన బంధువు ఒకాయన కూర్చుంటాడు. పేరు, ఊరు, 116, 516, 1,116. పెళ్ళయిపోయాక ఆ పుస్తకం బీరువాలో చీరల కిందికి పోతుంది. ఆ పేర్లలో ఒకరింట శుభకార్యం వచ్చినప్పుడు బయటికి తీసి, వేలు పెట్టి వెతికి, ఉన్నదానికి కొంత చేర్చి ఇచ్చి వస్తారు. అప్పని ఎవరూ అనరు. తీర్చకపోతే మాత్రం అందరూ అంటారు. పిల్లల పుట్టినరోజుకు అట్టాంటి పుస్తకం లేదు. లెక్కంతా అమ్మల తలల్లో ఉంటుంది. "పోయినేడు వాళ్ళు చికెన్ బిరియానీ పెట్టారు వదినా, మనం పులిహోరతో సరిపెడితే ఏం బాగుంటుంది?" అన్న ఒక్క మాటతో మొదలవుతుంది. ఒక ఏడు పఫ్పులు, మరుసటి ఏడు నూడుల్సు, ఆపై బిరియానీ, ఆపై నెల్లూరు నుంచి తెప్పించిన మలైకాజా పెట్టె, ఆపై ఏసీ హాలు. ఉన్నవాళ్ళు ఇద్దరు ముగ్గురు ఒకరి మీద ఒకరు పెంచుకుంటూ పోతే వాళ్ళకు పోయేదేమీ లేదు. ఆ వరసలో మూడో ఇల్లు ఒకటుంటుంది. ఆ ఇంటి తల్లికి రెండే దారులు. పొదుపు సంఘంలో అప్పు రాయించుకుని తనూ పెట్టాలి. లేదంటే పిలుపు వచ్చిన రోజున బిడ్డకు జ్వరమని చెప్పి ఇంట్లో కూర్చోబెట్టాలి. అప్పుడు గోడకు అవతల పిల్లలు పాట పాడుతుంటే, ఇవతల బిడ్డ "నాకు జ్వరం లేదు గదమ్మా" అంటుంది.

మీరు పెట్టిన అన్నం చేసిన పని అది. మీ మనసు మంచిదే. పని మంచిది కాలేదు.

మన తీరంలో ఈ బరువుకు ఒక రుతువు కూడా ఉంది. తూర్పు తీరమంతా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, సముద్రంలో వేట నిషేధం. చేప గుడ్లు పెట్టే కాలం కాబట్టి ఆ నిషేధం ఉండాల్సిందే, దానితో నాకు పేచీ లేదు. తుమ్మలపెంట, ఇసకపల్లి, మైపాడు, తూపిలిపాళెం, ఎక్కడ చూసినా ఆ రెండు నెలలు మరపడవలు ఒడ్డునే ఉంటాయి. నిషేధకాలానికి ప్రభుత్వం ఇచ్చే భృతి 2025లో 10,000 నుంచి 20,000 రూపాయలైంది. దాంట్లోనే బియ్యం, వలల మరమ్మతు, ఇంజను బాగుచేత. జూన్‌లో బడులు తెరిస్తే పుస్తకాలు, బూట్లు. ఆ 61 రోజుల్లోనూ పిల్లలకు పుట్టినరోజులు వస్తాయి. పులుసులోకి పచ్చిచేప లేక ఎండు నెత్తళ్ళతో గడిపే ఇంటికి పక్కింటి బిరియానీ ఆకలి తీర్చదు, బెంగ పెడుతుంది. లోపలి ఊళ్ళలో రొయ్యల చెరువులు పెట్టిన ఇళ్ళ సంగతీ అంతే. ధర దిగినా, చెరువుకు తెల్లమచ్చ సోకినా ఆ ఏడాది వాళ్ళ పిల్లల పుట్టినరోజుకు చేయి ఆడదు. ఆ మాట పైకి చెప్పుకోలేరు.

ఇంత చేసి పెట్టేది పిల్లలు తింటున్నారా అంటే అదీ లేదు. ఈసారి ఏ వేడుకకు పోయినా పెద్దవాళ్ళ సంగతి వదిలేసి, అయిదేళ్ళ పిల్ల ముందున్న ప్లేటు చూడండి. కేకు కటింగ్ ఆరున్నర అంటారు, నాన్నగారి ఆఫీసు పెద్దమనిషి రాలేదని ఎనిమిది చేస్తారు. పిల్ల ముందు క్రీము మీద చక్కెర పువ్వు గిల్లి నోట్లో పెట్టుకుంటుంది. ఆపై చిప్సు. పేపరు ప్లేటు మధ్యలో మెత్తబడి వంగితే సమోసా జారి కొత్త గౌను మీద పడుతుంది. అమ్మ విదిలించి, చెవిలో ఏదో అని, గిల్లుతుంది. బిరియానీ వచ్చేసరికి తొమ్మిది. ముక్క కారమని పక్కన పెడుతుంది, అన్నం రెండు మెతుకులు కెలుకుతుంది, కూల్‌డ్రింకు తాగేసి కుర్చీలోనే నిద్రపోతుంది. పుట్టినరోజు పిల్లోడు అప్పటికే ఏడ్చి ఏడ్చి నాయనమ్మ భుజం మీద ఉంటాడు. ఈ తిండి పిల్లలకోసం కాదు. వాళ్ళ పేరు చెప్పి పెద్దలు పెద్దలకు పెట్టుకుంటున్న విందు ఇది.

మన పెద్దలు బిడ్డల పుట్టినరోజు చేయలేదా? చేశారు. తెల్లవారి తలంటి, కొత్త గుడ్డలు కట్టి, అక్షింతలు వేసి, ఇంట్లోవాళ్ళే పాయసం తాగారు. మన తాతల తరంలో చాలామందికి అసలు తేదీయే తెలియదు. బడిలో చేర్చుకున్న పంతులుగారు జూన్ ఒకటో, జులై ఒకటో వేస్తే అదే పుట్టినరోజైంది. వీధి మొత్తానికీ విందు పెట్టాలన్న కట్టడి ఎక్కడా లేదు. నిన్న మొన్న వచ్చిన అలవాటును సంప్రదాయమని నమ్మి జనం అప్పులు చేయడమే నన్ను బాధిస్తోంది.

డొక్కా సీతమ్మ గారి పేరు తెచ్చి నా నోరు మూయించాలని చూసేవాళ్ళుంటారు. గోదావరి లంకల్లో, లంకగన్నవరంలో వేళ కాని వేళ వచ్చినవాళ్ళకు కూడా వండి వడ్డించిన తల్లి ఆమె. 1909లో కన్నుమూసింది, ఇప్పటికీ అన్నమంటే ఆమె పేరే చెబుతాం. కానీ ఆమె ఎవరికి పెట్టింది? రేవు దాటి వచ్చి, తిని, దారిన పోయే బాటసారికి. అతను తిరిగి వచ్చి ఆమెకు విందు ఇవ్వాల్సిన పని లేదు. తిరిగి పెట్టలేని వాడికి పెడితే అది దానం. తిరిగి పెట్టక తప్పని పక్కింటికి పెడితే అది బాకీ. ఈ తేడా తెలుసుకున్నాక మీ చేతిలో గరిట బరువెక్కాలి.

ఇక పని ఎట్టా చేయాలో చెబుతాను.

ఒక్క ఇల్లు మానేస్తే పిసినారి అంటారు. కాబట్టి ఒక్కరే మానొద్దు. మన పాళేల్లో దురాయి అనే కట్టుబాటు ఉంది. ఊరి పెద్దలైన కాపులు కూర్చుని దురాయి వేస్తే ఊరు ఊరంతా ఆ మాట మీద నిలబడుతుంది. వేటకు పోవద్దంటే పడవ కదలదు. ఆ బలాన్ని ఇక్కడ వాడుకోండి. మీ వీధి ఆడవాళ్ళు నలుగురు సాయంత్రం అరుగు మీద కూర్చున్నప్పుడు తేల్చేయండి: ఈ వీధిలో ఏ బిడ్డ పుట్టినరోజుకూ పిలిచినవాళ్ళు తిండి పెట్టరు, పోయినవాళ్ళు కవరు ఇవ్వరు. రెండూ కలిపే తేల్చాలి. తిండి మాని కవరు ఉంచితే మోసమవుతుంది, కవరు మాని తిండి ఉంచితే పాత కథే. జరిమానాలు, వెలివేతలు పెట్టొద్దు. ముందు డబ్బున్న ఇల్లు మానాలి, అంతే. లేనివాళ్ళు మానితే లోకువ, ఉన్నవాళ్ళు మానితే పద్ధతి.

పిలిచేటప్పుడు నీళ్ళు నమలొద్దు. "ఏదో చిన్నగా చేస్తన్నాం" అంటే అవతలివాళ్ళు బిరియానీ అనే అనుకుంటారు. "నాలుగింటికి పంపించు వదినా, ఆరింటికల్లా ఇంటికి పంపేస్తాం, తిండి పెట్టడం లేదు, ఆటలే" అని మొహం మీద చెప్పండి. ఆ వేళ మధ్యాహ్నం అన్నానికీ రాత్రి అన్నానికీ మధ్యలో ఉంటుంది కాబట్టి ఏ బిడ్డా ఆకలితో ఉండదు. మే నెల అయితే అయిదింటికి జరపండి, ఇసక చల్లబడుతుంది. ఒడ్డున ఆడించేటట్టయితే అలకు దూరంగా గీత గీసి, దాని దగ్గర ఇద్దరు పెద్దవాళ్ళను కాపలా నిలబెట్టండి. ఏడుపెంకులాట, చెడుగుడు, నాలుగు స్తంభాలాట. కుండలో మంచినీళ్ళు, నాలుగు గ్లాసులు. మజ్జిగ కూడా వద్దంటాను. మజ్జిగ దగ్గర మొదలైతే మరుసటి ఏడు రస్నా, ఆపై ఐస్‌క్రీము.

తిండి లేకుండా పిల్లలు కూడితే వెలితిగా ఉంటుందని మరీ మనసు పీకుతుంటే ఒక్క మార్గం ఉంది. ప్రతి బిడ్డా తన ఇంట్లో ఆ సాయంత్రం ఏముంటే అది చిన్న డబ్బాలో తెచ్చుకోవాలి. పుట్టినరోజు బిడ్డ డబ్బా కూడా అదే సైజు. ఒకరి దగ్గర వేరుశెనక్కాయలుంటాయి, ఒకరి దగ్గర కారం దోసె మడత, ఒకరి దగ్గర బొరుగులు. గుండ్రంగా కూర్చుని మార్చుకోనివ్వండి. రొయ్యలు మాత్రం ఎవరూ తేవొద్దు. అవి పడక ఒళ్ళంతా దద్దుర్లు లేచే పిల్లలుంటారు, ఇంకా ప్రమాదమే కావచ్చు. వేరే ఏదైనా పడని బిడ్డ ఉంటే వాళ్ళమ్మను ముందే అడిగి, ఆ బిడ్డ తన డబ్బాలోదే తినేలా చూడండి.

ఇట్టా మార్చుకోవడం కొత్తదని అనుకోవద్దు. మొహర్రం నెలలో నెల్లూరు బారాషహీద్ దర్గా దగ్గర, స్వర్ణాల చెరువులో రొట్టెల పండుగ జరుగుతుంది. మోకాటి లోతు నీళ్ళలో నిలబడి చదువు రొట్టె, పెళ్ళి రొట్టె, ఆరోగ్యం రొట్టె అని కేకేసి మార్చుకుంటారు. ఈ ఏడు రొట్టె అందుకుని కోరుకున్నది తీరినవాళ్ళు మరో ఏడు వచ్చి, అదే రొట్టె ఇంకొకరి చేతిలో పెడతారు. అక్కడ పిలిచినవాడూ లేడు, పిలిపించుకున్నవాడూ లేడు. మతం అడగరు, రొట్టె ఎంత పెద్దదని చూడరు. అట్టాంటి పండుగ మన చెరువులోనే ఉండగా, అన్నం పెట్టడానికి ఒక ఇల్లే ఎత్తు మీద నిలబడాలని ఎందుకు పట్టుబడతాం?

ఒక ప్రశ్న ఉంది, దాన్ని తప్పించుకోను. ఏడాదిలో ఒక్కసారి ఎవరి పుట్టినరోజుకో పోతేనే కోడికూర ముక్క దొరికే బిడ్డ ఉంటుంది. ఆ బిడ్డ నోటికాడి ముద్ద లాగేస్తున్నావా? లాగొద్దు. ఆ ముద్దను బడికి పంపండి. ప్రధానమంత్రి పోషణ్ పథకంలో తిథి భోజనం అని ఒక ఏర్పాటు ఉంది. గుజరాత్‌లో మొదలైంది, ఇప్పుడు ఎక్కడైనా చేయొచ్చు. పుట్టినరోజుకో, పెళ్ళిరోజుకో బడిలో పిల్లలందరికీ మధ్యాహ్న భోజనంతో పాటు అదనంగా ఒక వంటకమో, ఆ రోజు భోజనం మొత్తమో ఇవ్వొచ్చు. మన రాష్ట్రంలో బడి భోజనానికి ఇప్పుడు డొక్కా సీతమ్మ గారి పేరే ఉంది. చిన్న తరగతుల బిడ్డకు రోజుకు 100 గ్రాముల బియ్యం, ఆరు నుంచి ఎనిమిదో తరగతి బిడ్డకు 150 గ్రాములు లెక్క కాబట్టి, ఎంతమందికి ఎంత వండాలో కొలత దొరికిపోతుంది. ముందే పోయి హెడ్మాస్టరుతో మాట్లాడండి. ఏం వండేదీ, ఎక్కడ వండేదీ ఆయన చెప్పినట్టే చేయండి, ఇంట్లో వండి గిన్నె పట్టుకుపోవద్దు. వేడిగా పంక్తిలో వడ్డిస్తారు, మీ బిడ్డా ఆ పంక్తిలోనే కూర్చుంటాడు. ఫ్లెక్సీ కట్టొద్దు, ఫోటోలు వద్దు, మైకులో పేరు చదివించొద్దు. ఆ ముక్క తిన్న బిడ్డ ఇంటికి పోయి "వాళ్ళకు మనం ఎప్పుడు పెట్టాలమ్మా" అని అడగదు. ఎవరు పెట్టారో తెలియకపోతే ఇంకా మేలు.

నాయనమ్మ ఒప్పుకోదు. ఆమెతో వాదించొద్దు. పొద్దున్నే పాయసం ఆమె చేతనే చేయించండి, మీ ఇంటి మటుకు మీరు కడుపునిండా తాగండి. సాయంత్రానికి ఒక్క గిన్నె కూడా వాకిట్లోకి రానివ్వకండి. ఆమె కొంగుచాటున చాక్లెట్లు దాచుకుని పంచితే చూసీ చూడనట్టు ఉండండి.

వేరే వీధిలో, పాత పద్ధతి నడిచే ఇంటికి మీ బిడ్డను పిలిస్తే పంపండి. పెట్టింది తినమనండి. మా ఇంట్లో పెట్టం కాబట్టి మీ ఇంట్లో తినం అని బిడ్డ చేత అనిపిస్తే వాడు ఎక్కడా ఆడుకోలేడు. ఆ తర్వాత వాళ్ళ బిడ్డను మీ ఇంటికి పిలిచినప్పుడు కూడా ఆ నీళ్ళకుండే, ఆ ఏడుపెంకులే. వాళ్ళు ఒకసారి మొహం చిట్లిస్తారు, చిట్లించనివ్వండి. ఆరింటికి వాళ్ళ పిల్లోడు ఇసక కాళ్ళతో ఇంటికి పోయి, కంచంలో అమ్మ పెట్టిందంతా ఊడ్చుకు తింటాడు.