కాలువ మీద పలక

ట్రాఫిక్ గురించి నాకు చాలా తెలుసన్న భ్రమ హైదరాబాదులో పట్టుకుంది. బ్యాంకు ఉద్యోగమంతా కూకట్‌పల్లికీ కోఠీకీ మధ్య రోడ్డు మీదే అరిగిపోయింది. రోగం ముదిరినకొద్దీ రోగి వైద్యుడైపోయినట్టు, సిగ్నళ్ల దగ్గర కూర్చుని కూర్చుని నేను రోడ్ల నిపుణుణ్ణయిపోయాను. ఫ్లైఓవరు ఎక్కడ దిగాలో, డివైడరు ఎక్కడ తెంచాలో బస్సులో పక్క సీటువాడికి ఉచితంగా చెప్పేవాణ్ణి. పాపం, ఎవరూ అడగలేదు.

రిటైరై అమలాపురం చేరాక ఆ విద్యకు పని దొరికింది. 2022 ఏప్రిల్ 4న కోనసీమ జిల్లా అయింది, అమలాపురం దానికి కేంద్రమైంది. అంతకుముందు కలెక్టరు దగ్గర పనుంటే కాకినాడ పోవాలి. ఇప్పుడు అందరూ ఇక్కడికే రావాలి. జిల్లా ఏర్పడిననాడు 22 మండలాలు. ఊరు మాత్రం 2011 జనాభా లెక్కల్లో యాభైమూడు వేల మందితో ఉన్న ఊరే. 216 జాతీయ రహదారి కత్తిపూడి నుంచి ఒంగోలు పోతూ దీన్ని రాసుకుంటూ వెళుతుంది. దానికితోడు కొబ్బరి లారీలు, కాలేజీ బస్సులు, ఆస్పత్రులకొచ్చే ఆటోలు. రైలు ఎక్కి పోదామంటే రైలు లేదు. కోటిపల్లి–నరసాపురం లైను 2000-01 బడ్జెట్లో మంజూరైంది. గౌతమిలో స్తంభాలు లేచాయి గానీ అమలాపురానికి కూత వినబడలేదు. బరువంతా రోడ్డు మీదే పడింది. పొద్దున్న పదింటికి ఎర్ర వంతెన మీద ఇరుక్కుంటే గడియార స్తంభం చేరేలోగా పేపరు మొత్తం చదివేయొచ్చు.

నాకు ఉపాయం తట్టింది మే నెలలో. ఆ కాలం చాలా ముఖ్యం, ఎందుకంటే నా తెలివితక్కువతనానికి సగం కారణం అదే. వేసవిలో మరమ్మతులకని కాలువలు కట్టేస్తారు. ఎర్ర వంతెన కింద కాలువ అడుగున బురద, బురదలో కొబ్బరి డొక్కలు, ప్లాస్టిక్ సంచులు, ఎండిన గుర్రపుడెక్క. ముక్కు మూసుకుని వంతెన మీద నిలబడి చూశాను. ఊరి నడిబొడ్డున ఇంత వెడల్పు జాగా ఏ పనీ లేకుండా పడుందే అనుకున్నాను. దీని మీద కాంక్రీటు పలకలు పరిచేస్తే? రెండు గట్లూ కలిసిపోయి నాలుగు వరసల రోడ్డవుతుంది!

ఇంటికొచ్చి గ్రాఫు కాగితం మీద ప్లాను గీశాను. రంగులు కూడా వేశాను. కోనసీమ కదా అని డివైడరు మీద వరసగా కొబ్బరిచెట్లు పెట్టాను. మా ఆవిడ కళ్లజోడు సర్దుకుని చూసి, “కాయ రాలితే ఎవరి నెత్తినండీ, వచ్చేవాడిదా, పోయేవాడిదా?” అంది. గొప్ప ఆలోచనలకు ఇంట్లో గౌరవం దొరకదని సరిపెట్టుకున్నాను.

తర్వాత సంతకాల సేకరణ. టీ కొట్టు, పొద్దున్న నడక బృందం, గుడి మెట్లు. నోరు తెరిచేలోగా అందరూ “ఆయ్, పెట్టేద్దారండి” అనేవారు. కాగితం చదివినవాడు ఒక్కడూ లేడు. ఇన్నేళ్లు బయట ఉండొచ్చి మావాళ్ల మర్యాద సంగతి మరిచిపోయాను. ఎదురుగా నిలబడ్డ మనిషిని కాదనడం గోదావరి జిల్లాలో మొహమాటం. ఆ మొహమాటాన్ని ప్రజామోదమనుకుని, సోమవారం గ్రీవెన్సులో అర్జీ ఇచ్చి రసీదు తెచ్చుకున్నాను. రసీదుకి లామినేషన్ కూడా చేయించాను.

జూన్‌లో మా కౌలు రైతు వచ్చాడు. అల్లవరం వైపు, సముద్రం దగ్గర, మా అమ్మ వాటాగా వచ్చిన చేను అతనే చేస్తాడు. నారుమడి కబుర్లన్నీ అయ్యాక తలగోక్కుంటూ అడిగాడు.

“కాలవ మీద పలకలేయించేత్తన్నారంట గదండీ?”

“ఊరికి మంచిది కదా” అన్నాను, కొంచెం ఉప్పొంగి.

“మంచిదేనండి. పలక కిందకి డెక్క కొట్టుకొచ్చి అడ్డంపడితే తీసేదెవరండి?”

“మిషన్లున్నాయిగా.”

“మిషనెక్కడ నిలబడతాదండి? మీ కొత్త రోడ్డు మీదేనా?”

నేను మాట్లాడలేదు. అతను వదల్లేదు. “పూడిక తియ్యాలంటే మనిషి వంగాలి గదండీ. చీకట్లో ఎవడు దిగుతాడు? మనది శివారు చేనండి బాబుగారూ. పైన అడ్డం పడితే ఊళ్లోకి నీళ్లెక్కుతాయి, మనకి చుక్క రాదు. నారు ముదిరిపోద్ది. కౌలు మాత్రం మీకు కట్టాలి గదండీ!”

ఇందులో వెటకారం ఎంతో అమాయకత్వం ఎంతో ఇప్పటికీ తేల్చుకోలేదు. గోదావరి నీళ్లు తాగినవాడికి రెండూ ఒకే గిన్నెలో ఉంటాయి.

సిగ్గుపడాల్సింది అంతటితో అయిపోలేదు. ఆ రాత్రి గుర్తొచ్చింది. 2020 అక్టోబరు 13న హైదరాబాదులో కురిసిన వానకు మా అపార్ట్‌మెంటు సెల్లారు నిండిపోయింది. కార్లు ఒకదాన్నొకటి గుద్దుకుంటూ తేలాయి. మర్నాడు మెట్ల మీద నిలబడి, నాలాల మీద పలకలేసి కట్టుకున్నవాళ్లను అపార్ట్‌మెంటు మొత్తంలో గట్టిగా తిట్టినవాణ్ణి నేనే. ఆ నోటితో తిట్టి, ఈ చేత్తో ప్లాను గీశాను. అదీ రంగుల్లో.

ఆ తర్వాతే కాలువ కథ బుర్రలోకి ఎక్కింది, చిన్నప్పుడు బళ్లో చదివినదే అయినా. కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలుపెట్టి 1852కి పూర్తిచేశాడు. కాలువలు తవ్వింది పొలాలకే కాదు, పడవలకు కూడా. అందుకే లొల్లలోనూ ఇంకెన్నో చోట్లా లాకులు. ధాన్యం, కొబ్బరి, పెళ్లివారు అందరూ నీటి మీదే పోయేవారు. తవ్విన మట్టి రెండు పక్కలా పోస్తే గట్టయింది. గట్టు మీద మనుషులు నడిచారు, తర్వాత బళ్లు, తర్వాత తారు. కోనసీమలో చాలా రోడ్ల వెడల్పు ఇంజనీరు నిర్ణయించింది కాదు, కాలువ తవ్వినప్పుడు మిగిలిన మన్ను నిర్ణయించింది. ఇక్కడ రోడ్డు అద్దెకున్న మనిషి, ఇల్లు కాలువది. నేను ఇంటాయన నెత్తిన పలకేసి అద్దెవాడికి హాలు కట్టబోయాను.

ఆ వరసలోనే ఇంకోటి గుర్తొచ్చింది. 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు పంట వేయకుండా క్రాప్ హాలిడే ప్రకటించారు. గిట్టుబాటు కాని ధరలు, పెరిగిన కూలీ ఖర్చులు, ముంచేసే మురుగు కాలువలు కారణాలు. నేను కోఠీలో కూర్చుని పేపరు చదివి, “మావాళ్లు పౌరుషవంతులు” అని సహోద్యోగులకు చెప్పుకున్నాను. నీళ్లు వచ్చే దారీ పోయే దారీ మూసుకుపోతే చేను ఏమవుతుందో ఆ వార్తలోనే ఉంది. పౌరుషం దగ్గరే చదవడం ఆపేశాను.

ఇంత జరిగినా నాలోని నిపుణుడు చావలేదు. వాణ్ణి చంపింది కనుమ. జగ్గన్నతోట ప్రభల తీర్థానికి పిల్లలు కారులో తీసుకెళ్లమన్నారు. మెయిన్‌రోడ్డు మీద రద్దీ చూసి, అందరిలా పోవడం నామోషీ అనిపించి, ఫోనులో మ్యాపు చూపించిన గట్టు దారి పట్టాను. కాస్త దూరం పోయాక ఎదురుగా ట్రాక్టరు, వెనక ఆటోలు. ఒక పక్క కాలువ, ఇంకో పక్క చేను. అద్దాలు మడిచినా లాభం లేదు. పిల్లలు దిగి నడిచి వెళ్లిపోయారు. నేను కారుకు కాపలా కూర్చున్నాను.

పదకొండు ఊళ్ల రుద్రులు ప్రభలెక్కి వచ్చి ఆ తోటలో కలుస్తారు. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలు కౌశిక నదిని దాటి, పంటచేల మీదుగా భుజాల మీద వస్తాయి. చేను తొక్కినందుకు రైతు ఏడవడు, శుభమంటాడు. 2023 గణతంత్ర దినోత్సవానికి ఆంధ్రప్రదేశ్ శకటంగా ఢిల్లీ కర్తవ్యపథ్ మీద నడిచినవి ఈ ప్రభలే. అంతెత్తు వెదురు ప్రభ రోడ్డు అడక్కుండా నీళ్లలోంచి పోతోంది. నలుగురు కూర్చునే నా కారు మాత్రం తారు మీద కదల్లేదు. చివరికి కుర్రాళ్లు పదిమంది వచ్చి, “పక్కకి జరిపేద్దారండి” అని బండి వెనక భాగం ఎత్తి చేను అంచుకు పెట్టారు. అర్జీలో రాయడానికి వీల్లేని పరిష్కారం.

ఆ పండగ తర్వాత చేయాల్సిన పని మొదటిసారి చేశాను: ఊరికే నిలబడి చూడటం. నల్ల వంతెన దగ్గరా, ఈదరపల్లి వంతెన దగ్గరా నిలబడ్డాను. గట్టు పొడుగునా రోడ్డు బాగానే కదులుతోంది. బిగుసుకునేది వంతెన మూతి దగ్గర. ఆటో అక్కడే ఆగుతుంది, బస్సు అక్కడే మళ్లుతుంది, అరటిగెలల బండి అక్కడే, నడిచేవాడూ అదే వంతెన ఎక్కాలి. పక్కన అడ్డంగా ఆపిన కార్లలో తెల్లది నాదే.

ఇప్పుడు రెండో అర్జీ రాశాను. పలకల ప్రతిపాదన ఉపసంహరించుకుంటున్నానని మొదటి వాక్యం. వంతెనల పక్కన నడిచేవాళ్లకు సన్నని వంతెనలు వేయాలని, ఆటోలు ఆగే చోటు వంతెన మూతికి దూరంగా జరపాలని, కొబ్బరి లారీలు బడి వేళలు తప్పించి రావాలని, ఆ రైలేదో త్వరగా రప్పించాలని కోరాను. రంగులు వేయలేదు. సోమవారం దాకా టీ కొట్టులో ఉంచుతాను. మొదటి అర్జీ మీద సంతకం చేసినవారెవరైనా ఇది చదువుతుంటే దయచేసి రండి. ఈసారి మాత్రం “ఆయ్” అనేముందు కాగితం చదవండి.